‘అయిపోయిందా అంకుల్?’

ల్యాబుల్లో పనిచేసే మన పిల్లలు ఎక్కడ కలిసినా నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. “అంకుల్, అప్పట్లో ఆ వీఆర్ హెల్మెట్లు నిజంగా అంత బరువుండేవా?” ఉండేవి నాయనా. తల మీద ఇత్తడి బిందె బోర్లించినట్టుండేది. దాని వెనక నుంచి వేలెడు లావు కేబుల్ పైకప్పు దాకా వేలాడేది. ఆ కేబుల్ కాళ్ళకు చుట్టుకోకుండా పైన కప్పీలకు ఎక్కించేవాళ్ళం. ఇప్పుడు మీరు కళ్ళజోడులా తగిలించుకుని బస్సులో కూర్చుని కూడా చూస్తున్నారు. చాలా సంతోషం. బరువు గురించి ఇంతకు మించి నా దగ్గర ఏమీ లేదు. మీరెవరూ అడగని సంగతి ఒకటుంది, అది చెబుతాను.

ముందే చెప్పేస్తున్నా, ఇందులో ఎవరి పేరూ రాయను. కాలేజీ పేరూ రాయను. ఒక అమ్మాయి గురించి రాయక తప్పదు గనక ఆమెను గుర్తుపట్టే వివరాలు కావాలనే మార్చేశాను. ఎవరబ్బా అని ఆరాలు తీయొద్దు. తీసినా దొరకదు, ఆ మాత్రం జాగ్రత్త నాకిప్పుడు వచ్చింది. అప్పుడు లేదు కాబట్టే ఇదంతా జరిగింది.

మా ఆవిడ నర్సు. ఆమె ఉద్యోగం మీద మేము ఐర్లండ్ వచ్చాం. ఆమె ముందు, సూట్‌కేసులు మోసుకుంటూ వెనక నేను. నాది ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. వచ్చిన కొత్తలో బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఒక షాపు ముందు సెక్యూరిటీ యూనిఫారం వేసుకుని నిలబడ్డాను. తర్వాత ఒక కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా దూరాను. అది కూడా ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. ఇంతలో మాంద్యం వచ్చి పడింది. కొత్త ఉద్యోగాలు బంద్, ఉన్నవాళ్ళ జీతాలకు కోత. మా అంతస్తులో శుక్రవారం వచ్చిందంటే కెనడాకో ఆస్ట్రేలియాకో వెళ్ళిపోయేవాళ్ళకు కేకు కోసేవాళ్ళం. చివరికి ఆ కేకులు తెచ్చే ఆవిడే ఆస్ట్రేలియాలోని పెర్త్ వెళ్ళిపోయింది. ఆమెకు కేకు ఎవరు తేవాలో తెలియక బిస్కెట్లతో సరిపెట్టాం.

ఆ రోజుల్లో మా ల్యాబ్‌ను బతికిస్తున్నది ఒకే ఒక్క ప్రాజెక్టు. వృద్ధుల్ని చూసుకునే నర్సింగ్ హోమ్‌లో మంటలు రేగితే, డ్యూటీలో ఉన్న కేరర్లు, అంటే ఆ వృద్ధుల ఆలనాపాలనా చూసే సిబ్బంది, మొదటి కొద్ది నిమిషాల్లో ఏం చేస్తారు, ఎవరిని ముందు బయటికి తీస్తారు, ఎక్కడ తడబడతారు అన్నది పరిశోధన. నిజంగా నిప్పుపెట్టి చూడలేం కదా. అందుకని హెల్మెట్‌లో కంప్యూటర్ బొమ్మలతో ఒక పొడవాటి వరండా కట్టాం. దానికి ఇరువైపులా గదులు, గదుల్లోంచి ముసలివాళ్ళ కేకలు, నెమ్మదిగా కమ్ముకునే పొగ. పని మంచిదే. ఇప్పటికీ మంచిదే అంటాను. దాని వల్ల రేపు ఏ కేరర్‌కో సరైన శిక్షణ దొరికితే ప్రాణాలు దక్కుతాయి.

అందులో నా సొంత తెలివి కూడా కొంత ఉంది. బొమ్మ, శబ్దం సరిపోవనిపించి, కుర్చీ మీద ఒక ఫ్యాన్ హీటర్ పెట్టి, పొగ వచ్చే సమయానికి వేడిగాలి మనిషి ముఖానికి తగిలేట్టు చేశాను. కాలిన కట్టె వాసన వచ్చే నూనె చిన్న సీసాలో దొరికితే తెప్పించి హీటర్ ముందు పెట్టాను. మా ప్రొఫెసరు తనే హెల్మెట్ పెట్టుకుని చూసి, దగ్గుతూ బయటికి వచ్చి నా భుజం తట్టారు. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆవిడతో గొప్పలు చెప్పుకున్నాను. ఆ వేడి, ఆ వాసన ఎవరికి ఏం గుర్తుచేస్తాయోనన్న ఆలోచన నా బుర్రకు తట్టనే లేదు.

చిక్కల్లా మనుషుల దగ్గర వచ్చింది. మాకు కావలసింది నిజం కేరర్లు. నర్సింగ్ హోములేమో సిబ్బందిని తగ్గించుకుని, ఉన్నవాళ్ళను గంట కూడా వదలడం లేదు. నిధులిచ్చేవాళ్ళు ల్యాబ్ చూడటానికి మూడు వారాల్లో వస్తున్నారు. వాళ్ళు సరేనంటే ఇంకో రెండేళ్ళు బతుకుతాం. లేదంటే ఎండాకాలానికి నేనూ, నాతో పనిచేసే రీసెర్చ్ అమ్మాయీ ఇంటికే. ఆ అమ్మాయిది ఐర్లండ్ దక్షిణాన కార్క్ దగ్గర బాలింకాలిగ్ అనే ఊరు. మాట్లాడిందంటే మెయిల్ బండి ఆగకుండా పోతున్నట్టే ఉంటుంది, మొదటి ఆరు నెలలు నాకు సగం అర్థమయ్యేది కాదు. ఇంకో ఆరుగురు కావాలి, ఎక్కడ తెస్తాం అని ఆమె తల పట్టుకుంటే, “మావాళ్ళను అడగనా?” అన్నాను. ప్రొఫెసరు నావైపు దేవుడు దిగొచ్చినట్టు చూశారు.

మా తెలుగువాళ్ళ ఆదివారం ప్రార్థన ఒక స్కూలు హాల్లో జరిగేది. నర్సులు, కేరర్లు, వాళ్ళ పిల్లలు. ప్రార్థనయ్యాక పులిహోర, కోడికూర. ఆ వారం వడ్డన మొదలయ్యే ముందు నేను లేచి, “మా ల్యాబ్‌కి కేరర్లు కావాలమ్మా. గంట పని. కష్టమేం ఉండదు, వీడియో గేమ్ లాంటిదే,” అన్నాను. గరిటె దించే లోపు ఐదుగురు చెయ్యెత్తారు. నా అంత మొనగాడు లేడనుకున్నాను.

మొదటి తప్పు అక్కడే జరిగింది. వాళ్ళలో ఒకరిని ఎయిర్‌పోర్టు నుంచి నేనే తీసుకొచ్చాను. ఒకరి ఇంటి లీజు మీద జామీనుగా నేనున్నాను. ఒకరి పిల్లవాడిని చూసే జీపీ డాక్టరు దొరక్కపోతే నేనే తిరిగి కుదిర్చాను. వాళ్ళలో ఎవరు నా ముఖం మీద రానంటారు? మేమిచ్చే ఒప్పుకోలు ఫారం మీద ‘ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు’ అని లావు అక్షరాల్లో ఉంటుంది. ఆ అక్షరాలు రాసినవాళ్ళకు మా ఆదివారాలు తెలియవు. తెలిసిన నేనేమో నోరు మూసుకున్నాను.

ఆరో మనిషిగా ఒప్పుకున్నదే ఈ అమ్మాయి. సిటీవెస్ట్‌లో మరో ఇద్దరితో కలిసి ఉండేది, నర్సింగ్ హోమ్‌లో పని. ఆదివారాలు మా ఇంటికొచ్చి మా ఆవిడకు వంటలో సాయం చేసేది. మా ఆవిడకు ఆ పిల్లంటే ప్రాణం. ఆ రోజు హాల్లో చెయ్యెత్తలేదు. తర్వాత మా వంటింట్లో నేనే అడిగాను. “నువ్వూ రావే తల్లీ, ఒక్కరు తక్కువయ్యారు.” ఒక్క క్షణం గిన్నె కడగడం ఆపింది. “అలాగే అంకుల్,” అంది.

ఫారం కూడా అక్కడే, మా వంటింటి బల్ల మీదే నింపింది. నేను ఎదురుగా కూర్చుని టీ పోస్తున్నాను. గుండెజబ్బు ఉందా, మూర్ఛ ఉందా, కళ్ళు తిరుగుతాయా అని వరసగా ప్రశ్నలు. వాటి కింద ‘ఎప్పుడైనా అగ్నిప్రమాదంలో చిక్కుకున్నారా? మీ వాళ్ళెవరైనా చిక్కుకున్నారా?’ అని ఉంది. అక్కడ కలం ఆగింది. నేను చూశాను. చూసి కూడా ఏమన్నానో తెలుసా? “అన్నీ నో పెట్టెయ్యమ్మా, అవన్నీ ఫార్మాలిటీలు.” పెట్టేసింది. రికార్డు చేసిన వీడియోను చూపించుకోవచ్చా అన్న గడిలోనూ టిక్ పెట్టి ఫారం నావైపు జరిపింది.

ఆమెది చివరి సెషన్. పొద్దున పదకొండింటికి వచ్చింది. అద్దం అవతల ఆమె, ఇవతల కంట్రోల్ గదిలో నేనూ, కార్క్ అమ్మాయీ. మా నియమం చాలా సులువు. లోపలి మనిషి ‘స్టాప్’ అంటే ఆ క్షణమే కీబోర్డు మీది ఎర్ర మీట నొక్కాలి. అనకపోయినా మాలో ఎవరికి అనుమానం వచ్చినా నొక్కొచ్చు. వేలికి తగిలించిన క్లిప్పు నుంచి నాడి ఎంత కొట్టుకుంటోందో తెర మీద కనిపిస్తుంది.

మొదట బాగానే చేసింది. ఒక ముసలమ్మను చక్రాల కుర్చీలో బయటికి తోసింది, రెండు తలుపులు వేసింది. పొగ మొదలైంది. నేను ఇవతలి నుంచే స్విచ్చితో హీటర్ వేశాను. వరండా మధ్యలో ఒక తలుపు దగ్గర నిలబడిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. తెర మీద అంకెలు పెరుగుతున్నాయి.

“అయిపోయిందా అంకుల్?” అంది మైకులో.

“ఇంకొంచెమేనమ్మా, అయిపోవచ్చింది,” అన్నాను.

“ఏమంటోంది?” కార్క్ అమ్మాయి అడిగింది.

“అయిపోయిందా అని అడుగుతోంది.”

“బానే ఉందా మరి? నాడి చూడు.”

“గ్రాండ్,” అన్నాను. అంతా బాగానే ఉందనడానికి ఇక్కడివాళ్ళ మాట అది.

ఇదిగో, తెలుగింట్లో పెరిగిన పిల్లలు ఇక్కడ ఆగి ఆలోచించండి. మనలో ఎవరైనా పెద్దవాళ్ళ ముందు ‘ఆపండి’ అంటామా? పెద్దాయన గంటసేపు ప్రార్థన చేస్తుంటే ‘చాలించండి’ అన్నవాళ్ళున్నారా? అనం. నోరు రాదు. ఇక భరించలేనప్పుడు మనం అనేదల్లా ‘అయిపోయిందా?’ అనే. మా ఫారం ప్రకారం ఆమె స్టాప్ అనలేదు. మా ఇంటి ప్రకారం అంది. ఆ గదిలో అది అర్థం కావలసిన మనిషిని నేనొక్కణ్ణే.

నిమిషం తర్వాత మళ్ళీ అంది. “అయిపోయిందా అంకుల్?” ఈసారి గొంతు సన్నగా వచ్చింది.

“బంగారు తల్లివి కదూ, ఒక్క రెండు నిమిషాలు ఓర్చుకో.”

ఓర్చుకోమన్నాను! ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. చివరి సెషన్, మధ్యలో పోతే లెక్కలోకి రాదు, రెండు వారాల్లో నిధులిచ్చేవాళ్ళు వస్తున్నారు. నా కళ్ళకు అదే కనిపిస్తోంది.

ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. ఎవరినో పిలిచింది. ఆ తలుపుకు అవతల ఆ మనిషి ఉన్నట్టే మాట్లాడటం మొదలుపెట్టింది. రెండు నిమిషాలు, ఆగకుండా. ఆ మనిషి నిజం మంటల్లో పోయారని, ఆ రోజు ఏం జరిగిందో ఈమె ఇంతవరకూ ఏ ఒక్కరికీ చెప్పలేదని ఆ మాటల్లోనే నాకు తెలిసింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను.

నా వేలు ఎర్ర మీట మీదే ఉంది. నొక్కలేదు. బిగుసుకుపోయానని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. నేను వింటున్నాను. తర్వాత ఏం చెబుతుందోనని వింటూ ఉండిపోయాను. ఛీ, తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. కార్క్ అమ్మాయి నా చెయ్యి పక్కకు నెట్టి తనే మీట నొక్కింది.

హెల్మెట్ తీసేసరికి ఆమె నేల మీద కూర్చుని ఉంది. జుట్టంతా తడిసి ముఖానికి అంటుకుంది. ఏడవలేదు. నన్ను చూసి, “సారీ అంకుల్. పాడు చేశానా?” అంది.

కారులో ఇంటికి దింపాను. ఎం-ఫిఫ్టీ హైవే మీద ట్రాఫిక్కు. ఆమె జుట్టులోంచి కాలిన కట్టె వాసన వస్తోంది. అది నేను సీసాలో తెప్పించిన వాసన. అద్దాలు దించాను, అయినా పోలేదు. ఇల్లు దగ్గరకొచ్చాక అడిగింది.

“ఆ వీడియోలో మాటలు కూడా వస్తాయా అంకుల్?”

“వస్తాయమ్మా.”

“ఎవరైనా వింటారా?”

“వింటే మాత్రం? తెలుగు ఇక్కడెవరికొచ్చు?” అన్నాను. ధైర్యం చెప్పాననే అనుకున్నాను. ఆమె దిగి వెళ్ళిపోయింది.

ఎవరికైనా ఇలా జరిగితే అదే రోజు రాసి, పరిశోధనలో ఎవరికీ హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీకి పంపాలి. నేను ల్యాబ్‌కు తిరిగి వచ్చేసరికి కార్క్ అమ్మాయి ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. “ఎలా ఉంది?” అంది. “ఫరవాలేదు, ఇంట్లో దింపి వచ్చా,” అన్నాను. “రాస్తే అంతా ఆపేస్తారు, తెలుసుగా,” అంది. “తెలుసు.” ఆమె కలానికి మూత పెట్టింది. “రేపు రాద్దాం,” అన్నాను. ఆమె దాన్ని సొరుగులో పెట్టింది. ఆ రేపు చాలా రోజులు రాలేదు.

వారం తిరక్కుండా ప్రొఫెసరు ఆ వీడియో చూశారు. చూసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఏడాదిగా ఒక్కొక్కరినే పోగొట్టుకుంటూ, మిగిలిన ఇద్దరినైనా నిలబెట్టుకోవాలని తాపత్రయపడుతున్న మనిషి. “ఇదే! ఇంతకంటే రుజువేం కావాలి? తను ఇంగ్లీషు మర్చిపోయి సొంత భాషలోకి వెళ్ళిపోయింది. నిజంగా మంటల్లో ఉన్నట్టే నమ్మింది. వచ్చేవాళ్ళకు ఇదే చూపిద్దాం. ఆమె ఏమంటోందో నువ్వు కింద ఇంగ్లీషులో వెయ్యి,” అన్నారు. ఆమె ఒప్పుకుందా అని అడిగాను. ఫారం తీసి టిక్ పెట్టిన గడి చూపించారు. నా వంటింట్లో పెట్టిన టిక్ అది.

ఇప్పుడు మీకు పరిస్థితి అర్థమైంది కదా. ఆ పిల్ల ప్రాణంలా దాచుకున్న మాట ముక్కూముఖం తెలియని పదిమంది ముందు, తెర మీద, అక్షరాల్లో పడబోతోంది. అక్షరాలు వెయ్యాల్సింది నేను.

నేనేం చేశానంటే, అబద్ధం రాశాను. ‘కాపాడండి, ఎవరైనా ఉన్నారా, పొగ వస్తోంది’ అని మూడు ముక్కలు వేసి ఇచ్చేశాను. అటు ఆమె పరువు దక్కింది, ఇటు నా ఉద్యోగం దక్కింది, శభాష్ రా అనుకున్నాను. ప్రొఫెసరు బాగుందన్నారు. కార్క్ అమ్మాయి మాత్రం వీడియో రెండుసార్లు తిప్పి చూసి తలుపు వేసి వచ్చింది.

“ఆమె రెండు నిమిషాలు మాట్లాడింది. నువ్వు మూడు ముక్కలు రాశావు. మీ భాష అంత పొదుపైనదా?”

నేను బల్ల మీది కేబుల్ చుట్టడం మొదలుపెట్టాను.

“అసలేమంది?”

“నీకు చెప్పలేను.”

ఆమె వీడియో ఆపేసింది. “నాకు చెప్పలేనిది మన దగ్గర ఎలా పెట్టుకుంటాం? చూపించడం దాకా ఎందుకు, ఉంచుకోవడమే తప్పు. కానీ వద్దనాల్సింది ఆమె. నువ్వు కాదు.” అని సొరుగులోంచి ఆ పాత కాగితం తీసి, తన వైపు నుంచి రాయాల్సింది అక్కడే నిలబడి రాయడం మొదలుపెట్టింది.  ఆమెకూ ఇల్లుంది, అద్దె ఉంది. నాకంటే ముందు కలం పట్టుకుంది, అంతే తేడా.

నిధులిచ్చేవాళ్ళు రావడానికి రెండు రోజుల ముందు సాయంత్రం లువాస్ ట్రామ్ ఎక్కి సిటీవెస్ట్ వెళ్ళాను. ఆమె తలుపు తీసింది. చిక్కిపోయింది. పనిచేసే చోట వారానికోసారి ఫైర్ అలారం పరీక్ష చేస్తారట, ఆ రోజుల్లో సెలవు పెడుతోందట. ఇంకో రెండుసార్లు పెడితే ఊరుకోరట. ఈ దేశంలో ఉండటానికి వర్క్ పర్మిట్ ఆ ఉద్యోగం మీదే ఉంది. ఇదంతా నేలచూపులు చూస్తూ చెప్పింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. వీడియో చూపించబోతున్నారని, వద్దని సంతకం పెడితే ఆపక తప్పదని.

“చూపించుకోండి అంకుల్. పర్లేదు.”

“ఏంటి పర్లేదు?”

“ఈ ప్రాజెక్ట్ పోతే మీ జాబ్ పోతుందంట కదా. ఆంటీ చెప్పారు. నాకోసం మీరు చాలా చేశారు. పర్లేదు అంకుల్.”

నాకు కోపం నషాళానికంటింది. “పర్లేదనకు! నా ముందు పర్లేదనకు నువ్వు!” అని అరిచాను. పక్కగదిలో టీవీ ఆగిపోయింది. ఆమె బిత్తరపోయి నిలబడింది. అప్పుడు నాకు బుర్ర పనిచేసింది. సంతకం పెట్టమని గద్దిస్తే, భయపడి పెట్టేస్తుంది. అన్నీ నో పెట్టెయ్యమంటే పెట్టినట్టే. అదీ ఆమె సంతకం కాదు, నాదే.

కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాను. “తప్పు నాదమ్మా. ఆ ప్రశ్న దగ్గర నీ కలం ఆగడం చూశాను. నువ్వు రెండుసార్లు ఆపమన్నావు, నాకు అర్థమైంది, ఆపలేదు. నా ఉద్యోగం సంగతి నీకు సంబంధం లేదు. ఈ కాగితం ఇక్కడ పెడుతున్నాను. పెట్టమని నేను అడగట్లేదు, వద్దనీ అనట్లేదు. ఇది మా రీసెర్చ్ అమ్మాయి నంబరు. ఏదైనా చెప్పాలంటే ఆమెకు చెప్పు, నాకు కాదు. ఆమె నీకు ఏమీ కాదు. అక్కా కాదు, ఆంటీ కాదు. ఆమెకు కాదని చెప్పడం తేలిక.”

ఆమె అవుననలేదు, కాదనలేదు. టీ ఇస్తానంది. వద్దని వచ్చేశాను.

మర్నాడంతా ఫోన్ రాలేదు. ఆ మరుసటి పొద్దునా రాలేదు. నిధులిచ్చేవాళ్ళు పదింటికి రావాలి. తొమ్మిదింటికి ప్రొఫెసరు గదిలోకి వెళ్ళి నా వాటా నేను ఒప్పుకున్నాను. ఫారం ఎలా నింపించానో, ఆమె ఆపమంటే ఎలా సాగదీశానో, కింద వేసిన అక్షరాలు ఎలా అబద్ధమో. ఆయన ముఖం ఎర్రగా కందిపోయింది.

“ఈ రోజు చెబుతావా ఇది? ఈ రోజు?”

“అవును.”

“ఆమె వద్దందా?”

“ఇంకా అనలేదు.”

“మరి ఒప్పుకున్నట్టే కదా!”

“నేనడిగితే ఒప్పుకుంది. నేనడిగితే ఆమె దేనికైనా ఒప్పుకుంటుంది. అదే మీకు చెబుతున్నా.”

ఆయన కిటికీ వైపు తిరిగారు.  ఇన్నాళ్ళూ సొరుగులో దాచిన ఆ ఎథిక్స్ కాగితాన్ని కార్క్ అమ్మాయి రాసేసిందని కూడా చెప్పాను. వినపడిందో లేదో తెలియలేదు. పదింటికి వాళ్ళొచ్చారు. ముగ్గురు. కాఫీలు, స్కోన్ బన్నులు అయ్యాయి. ఒక్కొక్కటీ చూపిస్తూ తెర దగ్గరికి వచ్చాం. ఆ వీడియో జాబితాలో తర్వాతదే. నా చెయ్యి మౌస్ మీద ఉంది. నొక్కమంటే నేను నొక్కనని నిశ్చయించుకున్నాను. నేను నొక్కకపోతే ఆయనే నొక్కొచ్చు, అదేం బ్రహ్మవిద్య కాదు.  కార్క్ అమ్మాయి ఫోన్ మోగి బయటికి వెళ్ళింది. ప్రొఫెసరు నావైపు చూశారు. నేను కదల్లేదు. గదిలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

తలుపు తెరుచుకుంది. కార్క్ అమ్మాయి, ఆమె పక్కన కోటు కింద నీలం యూనిఫారంతో ఈ అమ్మాయి. డ్యూటీ నుంచి నేరుగా బస్సెక్కి వచ్చింది. నావైపు చూడలేదు. నేరుగా ప్రొఫెసరు ఎదుటికి వెళ్ళి నిలబడి, చేతిలో మడతపెట్టిన కాగితం చాపి, ఇంగ్లీషులో ఒక్కో మాటా విడివిడిగా అంది. “నా రికార్డింగ్ నాకు వద్దు. ఎవరికీ చూపించొద్దు. తీసేయండి.”

 ఆయన కాగితం అందుకుని మొత్తం చదివారు. “అది మీ హక్కు,” అన్నారు. తర్వాత వచ్చినవాళ్ళ వైపు తిరిగి, “ఇక్కడ చూపించడానికి మా దగ్గర వీడియో లేదు. మేము చేసిన పొరపాటు ఒకటుంది, అది చెబుతాం,” అని కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నారు. చెప్పాను. ఆమె చెప్పిన మాటలు తప్ప అంతా చెప్పాను.

ఎథిక్స్ కమిటీకి ఆ కాగితం వెళ్ళింది, ప్రాజెక్టు అక్కడితో ఆగింది. నిధులు రాలేదు. దీని వల్ల రాలేదో, మాంద్యం వల్ల రాలేదో ఎవరూ చెప్పలేదు. ఎండాకాలానికి నేను మళ్ళీ సెక్యూరిటీ యూనిఫారం వేసుకున్నాను. రెండేళ్ళకు వేరే కాలేజీ నన్ను తీసుకుంది, అక్కడే రిటైరయ్యాను. అక్కడ ఎవరి మీద హెల్మెట్ పెట్టాలన్నా, వాళ్ళను పిలిచినవాడు ఆ రోజు ఆ గదిలో ఉండకూడదని పట్టుబట్టేవాణ్ణి. ముసలాయనకు చాదస్తం అనేవారు. అననివ్వండి. మీరూ ఆ చాదస్తం నేర్చుకోండి. స్కూలు పిల్లలకు తగిలించినా సరే, అడుగుతున్నది ఎవరో, ఆ మనిషికి కాదని చెప్పడం సాధ్యమో కాదో ముందు చూసుకోండి.

ఇక ఆ రోజు సంగతి. రికార్డింగ్ తీసేయడం తన కళ్ళతో చూస్తానంది ఆ అమ్మాయి. మూడు చోట్ల ఉంది. కంప్యూటర్లో, బ్యాకప్ డిస్కులో, ప్రొఫెసరు బీరువాలో పెట్టిన ఇంకో డిస్కులో. మూడూ ఆమె ముందే తుడిచాను. నేను వేసిన అబద్ధపు అక్షరాలు కూడా. ఆమె నా వెనక నిలబడి ఒక్కో లైనూ చదువుకుంది. అంతా అయ్యాక బ్యాగు భుజానికి తగిలించుకుని, తెలుగులో, మెల్లగా అడిగింది.

“ఇది పోయింది. మీరు విన్నది అంకుల్?”

“ఎవరికీ చెప్పనమ్మా. ఒట్టు.”

“చెప్తారని కాదు అంకుల్. మీరు కనిపించినప్పుడల్లా, మీకు తెలుసని నాకు గుర్తొస్తుంది కదా.”

 వందనాలు చెప్పి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు. కొన్నాళ్ళకు వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని వెళ్ళిందని విన్నాం. మా ఆవిడ చాలా రోజులు బెంగపెట్టుకుంది. ఆ పిల్లకు మనమీద ఏం కోపం వచ్చిందండీ అని అడిగేది.

ఇది రాయడం పూర్తయ్యాక మొదట ఆవిడకే చదివి వినిపించాను. ఇన్నేళ్ళకు మొదటిసారి అంతా విని, కళ్ళు తుడుచుకుని అడిగింది.

“ఇంతకీ ఆ పిల్ల ఏమందండీ?”

గుర్తులేదన్నాను.